వీధిగది ఎవరిది? పోస్టు మాస్టారింటి గొడవ వెనుక

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని ఓ ఊళ్లో పోస్టు మాస్టారిల్లు మళ్లీ రచ్చకెక్కింది. పాత పెంకుటిల్లు పడగొట్టి స్లాబు వేసుకుంటానని మనవడు అంటున్నాడు. కనీసం పోస్టాఫీసు నడిచిన వీధిగదినైనా ఉంచాలని ఊరు అడ్డుపడుతోంది. అది గవర్నమెంటు గది అనేవాళ్లూ ఉన్నారు. వలస వెళ్లినవాళ్ల మనియార్డర్లు రంగూన్ నుంచి, ఆ తర్వాత ఖరగ్‌పూర్ నుంచి వచ్చిన రోజుల గురించి ఈ జిల్లాలో ఒకరికి చెప్పనక్కర్లేదు. గొడవ అర్థం కావాలంటే తెలియాల్సింది ఒక్క రూలు.

పల్లెల్లోని బ్రాంచి పోస్టాఫీసుకు సాధారణంగా సొంత బిల్డింగ్ ఉండదు. పోస్టు మాస్టరుగా చేరిన మనిషే చోటు చూపించాలి. ఆఫీసు ఖర్చులకని కొద్దిపాటి అలవెన్సు వస్తుంది, అంతే. అందుకే నాలుగు అక్షరాలతో పాటు ఓ వీధిగది కూడా ఉన్న ఇంటికే ఆ పని దక్కేది. జీతమా, అరకొర. పేరు కూడా చాలాకాలం ఈడీ (ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్, అంటే శాఖ పూర్తి ఉద్యోగి కాదని) అనే ఉండేది, 2001లో గ్రామీణ డాక్ సేవక్ అయింది.

నన్నడిగితే అసలు మలుపు ఎంపిక ఆన్‌లైన్‌కి మారడమే. ఇప్పుడు పదో తరగతి మార్కులే చూస్తారు. 65 ఏళ్లు నిండి మాస్టారు దిగిపోయాక, మార్కులతో వేరే జిల్లా అమ్మాయి వచ్చింది. బస్సు స్టాపు దగ్గర గది అద్దెకు తీసుకుంది. ఎర్ర డబ్బా అటు వెళ్లిపోయింది. ఇంటికి మిగిలింది పేరే.

అంతకుముందు 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస, వజ్రపుకొత్తూరు వైపు తీరం దాటినప్పుడు ఈ ఇంటి పెంకులు సగం లేచిపోయాయి. తిరిగి నేయించింది ఇంటివాళ్లే. "మా నాయనమ్మ పుస్తెలతాడు తాకట్టు పెట్టింది. అప్పుడు గవర్నమెంటు గది అని ఎవరూ అనలేదేటండీ?" అని మనవడు అడుగుతున్నాడు. దీనికి ఊళ్లో ఎవరూ తిన్నగా జవాబు చెప్పడం లేదు.

ఊరివాళ్లు చూపించే సాక్ష్యం వేరు. అరుగు పక్క గోడ మీద, మనిషి కూర్చుంటే భుజమంత ఎత్తులో, నల్లటి సిరా మరకలు. మనియార్డరు మీద వేలిముద్ర వేశాక వేలు అక్కడే తుడిచేవారు. ఉపాధి కూలి డబ్బులు పోస్టాఫీసులో ఇచ్చిన రోజుల్లోనూ అంతే. "మా అమ్మ వేలు ఆ గోడ మీద ఉంది" అంటాడొకాయన. ఉండొచ్చు. కానీ ఏటా సంక్రాంతికి ఇంటివాళ్లు సున్నం వేసేవారు, ఉగాదికల్లా గోడ మళ్లీ నల్లబడేది. ఇప్పుడు కంటికి కనిపించేవి ఆఖరి సున్నం తర్వాతి మరకలే.

సర్పంచి మాట మీద పని నిలిపారు. దించిన పెంకులు అరుగు మీద పేర్చి ఉన్నాయి. గోడ జోలికి ఇంకా ఎవరూ వెళ్లలేదు.