బండి కింద ఫొటో పంపండి: పాత జీపుల మీద అపోహలు - వాస్తవాలు

పాత జీపు కొనాలనుకునేవాళ్లు ముందుగా నాకు పంపేది ఫొటో. బానెట్ మీద ఎండ మెరుస్తుంటుంది, ముందు కొత్త టైర్లు, వెనక కొబ్బరి చెట్లు. కింద ఒక ప్రశ్న: "ఎట్టుందన్నా?" బండి కింద ఫొటో కూడా పంపమంటాను. సగం మంది అక్కడితో ఆగిపోతారు. మిగతా సగం "కింద ఏముంటదన్నా, అంతా ఇనుమే కదా" అంటారు.

నాది నెల్లూరు. పగలు లేత్ మిషన్ మీద పని, ఆదివారాలూ రాత్రిళ్లూ పాత జీపుల మీద పని. పద్దెనిమిదేళ్లుగా ఇదే వరస. నేను దీన్ని హాబీ అంటాను, మా ఆవిడ వేరే మాట అంటుంది. ఇన్నేళ్లలో షెడ్డుకొచ్చిన వాళ్ల నోట పదే పదే విన్న మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. వీటిలో కొన్ని ఒకప్పుడు నేనూ నమ్మినవే.

అపోహ: పెయింట్ బాగుంటే బండి బాగున్నట్టే.

నా మొదటి జీపు ఇందుకూరుపేట వైపు ఒక రొయ్యల రైతు దగ్గర కొన్నాను. 1988 మోడల్ ఎంఎం 540. ఎనభైల్లో మహీంద్రా ప్యూజో డీజిల్ ఇంజన్ పెట్టి అమ్మిన బండి ఇది, 2112 సీసీ. ఆకుపచ్చ రంగు అద్దంలా ఉంది. సెల్ఫ్ కొట్టగానే స్టార్టయింది. బేరం ఎక్కువ ఆడలేదు, 85 వేలకు తెచ్చేసుకున్నాను.

వారం తర్వాత చీమకుర్తి క్వారీ టిప్పర్లకు వెల్డింగ్ చేసే ఒక మేస్త్రీ ఏదో పని మీద షెడ్డుకొచ్చాడు. అడగకుండానే చిన్న సుత్తి తీసుకుని జీపు కిందికి దూరాడు. ఛాసిస్ (బండి బరువు మోసే ఇనప చట్రం) పొడవునా కొట్టుకుంటూ పోయాడు. టంగ్, టంగ్, టంగ్. వెనక కమాన్ కట్ట (కుదుపులు ఆపే ఇనప పట్టీల స్ప్రింగు) బిగించే హ్యాంగర్ దగ్గరికి రాగానే శబ్దం మారింది. దబ్. ఇంకోసారి కొట్టాడు, దబ్. స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కితే పిడి దాకా లోపలికి పోయింది. బయటికి లాగితే దాంతోపాటు గుప్పెడు ఎర్రపొడి రాలింది. "ఇది ఛాసిస్ కాదబ్బయా, బిస్కెట్" అన్నాడు.

అయిదేళ్లు ఉప్పునీటి గుంటల గట్ల మీద తిరిగిన బండి అది. బయట రంగు వేశారు. ఛాసిస్ గొట్టం లోపలికి బ్రష్ ఎవరు పెడతారు? ఉప్పు తడి ఆ లోపల చేరి తిన్నంత కాలం తింది.

అప్పటి నుంచి ఏ బండి చూడబోయినా నా జేబులో రెండు వస్తువులు ఉంటాయి. ఒకటి గుడ్డ చుట్టిన అయస్కాంతం. బాడీ మీద జరుపుకుంటూ పోతే ఎక్కడ పట్టు వదులుతుందో అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. పలచని పుట్టీ ఎక్కడైనా ఉంటుంది, దానికి భయపడక్కర్లేదు. అయస్కాంతం అసలు అంటుకోకుండా జారిపోయిందంటే ఆ చోటు టింకరింగ్ పని కాదు, కోసి కొత్త రేకు వేయాల్సిన పని. రెండోది సుత్తి. బండి అమ్మేవాళ్లు సుత్తిని చూసి మొహం మాడ్చుకుంటారు, పట్టించుకోకండి.

ఛాసిస్‌కి ప్లేటు వేయించేటప్పుడు కూడా ఒక మాట. ప్లేటు నలుచదరంగా కోసి నిలువుగా వెల్డింగ్ కొడితే, ఆ నిలువు గీత వెంటే కొన్నాళ్లకు మళ్లీ పగులు వస్తుంది. చివర్లు ఏటవాలుగా కోసిన ప్లేటు వేయాలి, బరువు ఒకే గీత మీద పడదు. నాకు ఇది నేర్పింది ఆ క్వారీ మేస్త్రీయే. బాడీ రేకుకైతే ఆర్క్ వద్దు, చిల్లులు పడతాయి. సీఓటూ వెల్డింగ్ చేయించండి. ఏ వెల్డింగ్ అయినా సరే, ముందు బ్యాటరీ వైర్లు ఊడదీయాలి. లేకపోతే ఆల్టర్నేటర్‌లో డయోడ్లు పోతాయి.

అపోహ: మైపాడు బీచ్ నుంచి రాగానే నీళ్లు కొట్టేస్తే ఉప్పు పోతుంది.

ఏ నీళ్లు? తీరం పక్క ఊళ్లలో చాలా చోట్ల బోరు నీళ్లే ఉప్పన. వాటితో కడిగి ఎండలో పెడితే ఉప్పు మీద ఉప్పు పూసినట్టే. మంచినీళ్లు కావాలి, అవీ బానెట్ మీద కాదు. ఛాసిస్ గొట్టాల్లోకి, కమాన్ కట్టల సందుల్లోకి, బ్రేక్ పైపుల వెంట పోవాలి. నేనైతే తోట తడిపే స్ప్రింక్లర్‌ని బండి కింద పెట్టి, పైపు తిప్పి అరగంట వదిలేస్తాను. ఆ తర్వాత ఛాసిస్ కింద నీళ్లు దిగే రంధ్రాలు మట్టితో మూసుకోలేదు కదా అని ఒక పుల్ల పెట్టి చూస్తాను.

దీనికి తోడు "అండర్ కోటింగ్ కొట్టించా, ఇక తుప్పు రాదు" అనే ధీమా ఒకటి. కొత్త బండికి కొట్టిస్తే మంచిదే. తుప్పు ఉన్న ఇనుము మీద ఆ నల్ల తారు కొడితే తడి లోపలే చిక్కుకుంటుంది, తుప్పు మన కంటికి కనబడకుండా తన పని చేసుకుపోతుంది. ముందు వైర్ బ్రష్‌తో గీకాలి, తుప్పును ఆపే మందు, రస్ట్ కన్వర్టర్, పూయాలి, ఎపాక్సీ ప్రైమర్ కొట్టాలి, ఆ పైనే కోటింగ్. గొట్టం లోపలికి వ్యాక్స్ స్ప్రే పొడుగు పైపుతో కొట్టాలి. విసుగు పుట్టే పని. ఫొటోలో కనబడదు కాబట్టి ఎవరూ చేయించరు.

అపోహ: ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ లాగుడు) ఉంటే ఇసుక ఒక లెక్కా?

మొన్న వేసవిలో మైపాడు ఇసుకలో కొత్త బండి ఒకటి పొట్టదాకా దిగబడింది. నడిపే కుర్రాడు యాక్సిలరేటర్ తొక్కుతూనే ఉన్నాడు, చక్రాలు గొయ్యి తవ్వుతూనే ఉన్నాయి. చుట్టూ నలభై మంది, నలభై సలహాలు. మేం చేసిందల్లా అతన్ని ఇంజన్ ఆపమని, నాలుగు టైర్లలో గాలి తగ్గించడం. ముప్పై పైచిలుకున్న ప్రెజర్‌ని పదహారుకు దించాం. చక్రాల ముందు ఇసుక చేత్తో లాగేసి, లో రేంజ్‌లో (నెమ్మదిగా, బలంగా లాగే గేర్ల వరస) సెకండ్ గేరు వేసి, మెల్లగా క్లచ్ వదలమన్నాం. తొయ్యకుండానే బయటికొచ్చింది.

గాలి తగ్గితే టైరు సాగి, ఇసుక మీద ఆనే చోటు పొడవవుతుంది. బండి బరువు ఎక్కువ చోట పడుతుంది కాబట్టి దిగబడదు. ఆ ప్రెజర్‌తో స్టీరింగ్ గట్టిగా తిప్పితే మాత్రం టైరు రిమ్ము వదిలేస్తుంది. తారు రోడ్డు ఎక్కేముందు గాలి కొట్టాలి, కాబట్టి సీటు కింద చిన్న కంప్రెసర్ ఉండాలి.

మామూలు డిఫరెన్షియల్ (ఒకే ఇరుసు మీది రెండు చక్రాలను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు) ఉన్న బండిలో ఫోర్ బై ఫోర్ వేసినా, ముందు ఒకటి, వెనక ఒకటి చక్రాలు పట్టు తప్పితే ఆ రెండే తిరుగుతుంటాయి. ఆ రెండు చక్రాలనూ కలిపి తిప్పే లాకర్ ఉంటే వేరే సంగతి. పాత జీపుల్లో, మారుతీ జిప్సీల్లో తారు రోడ్డు మీద ఫోర్ బై ఫోర్ వేసుకుని తిరిగితే "గ్రిప్పు బాగుంటది" అనేవాళ్లూ ఉన్నారు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు దూరం తిరుగుతాయి. ఆ తేడాను సర్దే ఏర్పాటు ఈ బండ్లలో లేదు. లోపల మెలి పడి ఫోర్ బై ఫోర్ లివర్ బిగుసుకుపోతుంది. అట్టా బిగుసుకుంటే సుత్తి తీయకండి, తిన్నగా నాలుగడుగులు రివర్స్ పోండి, వదిలేస్తుంది.

అపోహ: టైరు ఎంత పెద్దదైతే అంత మంచిది.

లెక్క వేద్దాం. జిప్సీకి 205/70 ఆర్ 15 తీసేసి 235/75 ఆర్ 15 వేశారనుకోండి. టైరు ఎత్తు 668 మిల్లీమీటర్ల నుంచి దాదాపు 733కి పెరుగుతుంది. ఇరుసు కింద మీకు దక్కేది అందులో సగం, అంటే అంగుళంన్నర కూడా లేదు. పోయేదేంటి? స్పీడోమీటర్ 60 చూపిస్తే మీరు 66లో ఉంటారు. ప్రతి గేరూ దాదాపు పది శాతం బరువెక్కుతుంది, ఘాట్‌లో సెకండ్ లాగాల్సిన చోట ఫస్ట్ వేయాలి. బ్రేకులు పాతవే, ఆపాల్సిన చక్రం పెద్దది. దీనికి ఇరుసులోని గేర్ల జత, క్రౌన్ పినియన్, మార్చాలి, బ్రేకులు మార్చాలి. టైర్ల షాపులో ఈ మాట ఎవరూ చెప్పరు, వాళ్ల పని టైర్లు అమ్మడం.

అపోహ: స్నార్కెల్ (ఇంజన్ పైనుంచి గాలి పీల్చుకునే పొడుగు గొట్టం) పెట్టించా, ఇక వాగులోకి దిగొచ్చు.

2021 నవంబరు వరదలు మన జిల్లా మరిచిపోదు. పెన్నా పొంగి కోవూరు వైపు ఊళ్లు మునిగాయి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. ఆ తర్వాత నెల రోజులు షెడ్డులో నాకు అవే బండ్లు. రెండు రకాలుగా ఉండేవి. నీళ్లు తగ్గాక అట్టే వదిలేసి, తాడుకట్టి లాక్కొచ్చినవి ఒక రకం. "చూద్దాం" అని ఒక్కసారి సెల్ఫ్ కొట్టి చూసినవి రెండో రకం. మొదటివి చాలా వరకు ఆయిళ్లు మార్చి ఎండబెడితే బాగుపడ్డాయి. రెండో రకంలో ఒక ఇంజన్ విప్పితే కనెక్టింగ్ రాడ్ వంకీలా వంగి ఉంది. నీళ్లు గాలిలా అణగవు. సిలిండర్‌లో నీళ్లుండగా పిస్టన్ పైకొస్తే వంగేది రాడ్డే. నీళ్లలో మునిగిన డీజిల్ జీపుకి ముందు హీటర్ ప్లగ్గులు విప్పి, ఇంజన్ చేత్తో తిప్పి నీళ్లు బయటికి చిమ్మించాలి.

స్నార్కెల్ కాపాడేది ఇంజన్ పీల్చే గాలిని మాత్రమే. ఇరుసు గేర్లుండే ఇనప డొల్ల, హౌసింగ్, సంగతి? దూరం నడిచి వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుని, పాత సీళ్ల గుండా నీళ్లను లాక్కుంటుంది. వారం తర్వాత ఆయిల్ బోల్టు విప్పితే టీ పొడి తక్కువేసిన టీ కారుతుంది. స్నార్కెల్ కంటే ముందు హౌసింగ్‌కి గాలి ఆడనిచ్చే బ్రీదర్ పైపుల్ని బానెట్ ఎత్తుకు పెంచండి. కొన్ని వందల్లో అయిపోతుంది.

అపోహ: మా తాత జీపు, ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్.

ముందు జాలీకి చీలికలు లెక్కపెట్టండి. యుద్ధం నాటి విల్లీస్ ఎంబీ మోడల్‌కి తొమ్మిది. యుద్ధం అయ్యాక మామూలు జనానికి వచ్చిన సీజే రకాలకు ఏడు, వెనక దించే తలుపు కూడా ఉంటుంది. మన దగ్గర ఎక్కువగా కనిపించేవి 1947 నుంచి విల్లీస్ బండ్లు బిగిస్తూ వచ్చిన మహీంద్రావే. అందులో తక్కువేమీ లేదు. ధర మాత్రం యుద్ధం ధర అడగొద్దు.

అపోహ: నా బండి నా ఇష్టం, సీ-బుక్కులో ఏముంటే ఏంటి?

ఇక్కడే ఎక్కువ మంది బోల్తా పడతారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండి మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే మాట గట్టిగా చెప్పింది. 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇంజన్ మార్చాలంటే ముందే ఆర్టీఓ అనుమతి కావాలి. రంగు మారిస్తే సీ-బుక్కులో రాయించుకోవాలి. బంపర్ ముందు బిగించే ఇనప బుల్ బార్లను 2017 డిసెంబరులోనే కేంద్రం వద్దంది. బండి కొనేముందు ఛాసిస్ మీద కొట్టిన నంబరునూ సీ-బుక్కునూ పక్కపక్కన పెట్టి చూడండి. నంబరు చుట్టూ గీకిన గుర్తులుంటే ధర ఎంత తక్కువైనా వెనక్కి వచ్చేయండి.

15 ఏళ్లు దాటితే తుక్కే అనేది ఇంకో భయం. సొంత బండికి 15 ఏళ్ల తర్వాత ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవచ్చు. డీజిల్‌కు పదేళ్లు, పెట్రోల్‌కు పదిహేనేళ్లు అనే గొడవ ఢిల్లీ చుట్టుపక్కలది. అయితే ప్రభుత్వ శాఖల బండ్ల లెక్క వేరు. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు నిండితే వాటి రిజిస్ట్రేషన్ పోతుంది. కాబట్టి "గవర్నమెంటు వేలంలో పాత జీపు చవగ్గా కొట్టేద్దాం" అనేవాళ్లు ఆ ఆశ వదులుకోండి. 50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ నంబరు ఉంది, కానీ దానితో రోజూ కూరగాయలకు వెళ్లడానికి లేదు.

అపోహ: పాత జీపు చవక.

85 వేల బండికి లక్షన్నర ఖర్చు అవుతుందని నోటు పుస్తకంలో రాసుకున్నాను. నాలుగు లక్షలు దాటాక పుస్తకం ఎక్కడో పోయింది. వెతకలేదు.

అపోహ: లైట్లు మసకగా ఉంటే పెద్ద బల్బు వేయాలి.

పోయిన నెల ఒంగోలు నుంచి ఒక కుర్రాడు జిప్సీ తెచ్చాడు. 60/55 వాట్ల బల్బులు తీసి 100 వాట్లవి వేయించాడు, రెండు బల్బులూ కలిస్తే 16 యాంపియర్లకు పైనే. అదంతా ఆ సన్న పాత వైర్ల గుండా, స్విచ్ గుండా పోవాలి. స్విచ్ కరిగి వాసన వస్తోంది, వెలుతురు మాత్రం పెరగలేదు. "వైరింగ్ మొత్తం మార్చాలేమో అన్నా" అని టెన్షన్ పడుతున్నాడు. పాత బల్బులే మళ్లీ పెట్టించి, మీటర్ పెట్టి చూశాను. బ్యాటరీ దగ్గర పన్నెండున్నర వోల్టులు, బల్బు దగ్గర పదీ లేదు. హెడ్‌లైట్ ఎర్త్ వైరు బాడీకి బిగించిన చోట బోల్టు కింద పచ్చగా చిలుం, దాని చుట్టూ రంగు. ఎమరీ పేపర్‌తో ఇనుము మెరిసేదాకా గీకి, బోల్టు బిగించి, కొంచెం గ్రీజు పూశాను. కొత్త స్విచ్‌తో పాటు, ఎక్కువ కరెంటు స్విచ్ గుండా పోకుండా ఒక రిలే పెట్టాను. రాత్రి ఏడింటికి షెడ్డు ముందు లైట్లు వేస్తే ఎదురింటి గోడ తెల్లగా వెలిగింది. ఎదురింటాయన కిటికీ తీసి "ఆపు నాయనా" అని అరిచాడు.