పూరీ రత్నభాండాగారం: 46 ఏళ్లు జరగని లెక్కింపు

పూరీ జగన్నాథుడి రత్నభాండాగారం అనగానే ముందు పాముల కథలే వినిపిస్తాయి. 2024 జులై 14న దాన్ని తెరిచినప్పుడు పాములు పట్టేవాళ్లను కూడా సిద్ధంగా ఉంచారు. పాములేవీ కనిపించలేదు. భక్తులు నిజంగా కలవరపడవలసిన సంగతి వేరే ఉంది. 1978 తర్వాత అప్పటిదాకా ఆ నగలను ఎవరూ పూర్తిగా లెక్కపెట్టలేదు.

ఆ సంపద ఎలా పోగైందో తెలియాలంటే శ్రీకాకుళం జిల్లా ముఖలింగం నుంచి మొదలుపెట్టాలి. ఒకనాటి కళింగనగరం అదే. అక్కడ రాజధానిగా ఏలిన తూర్పు గంగవంశీయుడు అనంతవర్మ చోడగంగదేవుడు 12వ శతాబ్దంలో ఇప్పటి ఆలయానికి పునాది వేశాడు. తరువాతి శతాబ్దంలో మూడో అనంగభీమదేవుడు రాజ్యం జగన్నాథుడిదేనని, తాను ఆయన ప్రతినిధిని మాత్రమేనని ప్రకటించాడు. రాజ్యమే దేవుడిదైనప్పుడు గెలిచిన సొత్తు కోవెలకు చేరడంలో వింత లేదు. 15వ శతాబ్దంలో కపిలేంద్ర గజపతి రాజమహేంద్రవరం, కొండవీడు జయించి దక్షిణాదికి దండెత్తాడు. ఆ యుద్ధాల్లో వచ్చిన ధనాన్ని 16 ఏనుగుల మీద ఆలయానికి చేర్చాడని సంప్రదాయం చెబుతుంది. రథాల మీద మూడు మూర్తులకు చేసే సునా బేష, అంటే బంగారు అలంకారం, అప్పుడే మొదలైందంటారు.

రావలసి రాకుండా పోయిన కానుక కూడా ఒకటి ఉంది. మన కొల్లూరు గనుల్లో దొరికిందని భావించే కోహినూరును జగన్నాథుడికి ఇవ్వాలని 1839లో రంజిత్ సింగ్ మరణశయ్య మీద కోరాడు. ఆస్థానంలోని వారు ఆ కోరిక నెరవేరనివ్వలేదు. పదేళ్లకు వజ్రం ఆంగ్లేయుల పరమైంది.

బెంగాల్ సుల్తాను సేనాని కాలాపహాడ్ దాడి వంటి దోపిడీలను తట్టుకుని మిగిలినదాన్ని, పూరీ తమ చేతికి వచ్చాక ఆంగ్లేయులు 1805లో నమోదు చేశారు. స్వాతంత్ర్యం తర్వాత 1955లో ఆలయ చట్టం వచ్చింది, నిర్వహణ ప్రభుత్వానికి మారింది. 1960 నాటి నిబంధనలు నగలను మూడు తరగతులు చేశాయి: ఎన్నడూ వాడనివి, పండుగలకు తీసేవి, నిత్యం అలంకరించేవి. మొదటి తరగతివి లోపలి గదిలో ముద్ర వేసి ఉండాలి, తాళంచెవి ప్రభుత్వ ఖజానాలో ఉండాలి. ఈ నియమాన్ని గుర్తుంచుకోవాలి, ఎందుకంటే తర్వాతి గొడవంతా ఆ తాళంచెవి గురించే.

1978 మే 13న మొదలైన లెక్కింపు జులై 23 దాకా సాగింది. 454 బంగారు వస్తువులు, 293 వెండి వస్తువులు తేలాయి. బంగారం 12,800 తులాలకు పైమాటే, అంటే పాత తులం (11.66 గ్రాములు) లెక్కన దాదాపు 150 కిలోలు. కొన్నింటిని తూచకుండానే వదిలేశారు. 1985 జులై 14న మరమ్మతు పని మీద లోపలి గది తెరిచారు కానీ, లెక్క జోలికి పోలేదు.

తర్వాత 33 ఏళ్లు ఎవరికీ పట్టలేదు. గోడల పటుత్వం చూడమని హైకోర్టు ఆదేశిస్తే 2018 ఏప్రిల్ 4న 16 మంది బృందం వెళ్లింది. లోపలి గది తాళం తీయనేలేదు, ఇనుప ఊచల బయట నిలబడి లైట్లు వేసి చూసి వచ్చారు. రెండు నెలలకు తాళంచెవే లేదన్న సంగతి బయటపడింది. న్యాయమూర్తి రఘువీర్ దాస్ నాయకత్వంలో విచారణ కమిషన్ వేశారు. కొద్ది రోజులకే కలెక్టరేట్‌లో మారు తాళంచెవి దొరికిందన్నారు. కమిషన్ అదే ఏడాది నవంబరులో నివేదిక ఇచ్చినా దాన్ని బయటపెట్టలేదు. కోట్ల మంది తమ దేవుడని కొలిచే స్వామి సొమ్ము విషయంలో ఇంత గోప్యత ఎవరి మేలు కోసం?

2024 ఒడిశా ఎన్నికల్లో ఆ తాళంచెవి ప్రచారాస్త్రమైంది, ప్రభుత్వం మారింది. జులై 14న మారు తాళంచెవులు పనిచేయకపోవడంతో మేజిస్ట్రేటు సమక్షంలో తాళాలు కోశారు. 18న నగలను ఆలయంలోనే తాత్కాలిక భద్ర గదికి తరలించారు, పురావస్తు శాఖ మరమ్మతులు చేపట్టింది. అసలు పరీక్ష ఆ నగలను 1978 జాబితాతో ఒక్కొక్కటిగా సరిపోల్చడంలో ఉంది. అప్పుడు తూచకుండా వదిలినవాటిని ఈసారి తూచాలి, ప్రతి నగకూ ఫొటో తీయాలి, రాళ్ల వివరాలు రాయాలి. ఆ జాబితాతోపాటు దాస్ కమిషన్ నివేదికనూ ప్రజల ముందు పెట్టాలి.