లక్సర్ గోడ కింద సొరంగం: ఆని పపైరస్ లండన్ చేరిన తీరు

2025 నవంబరులో గీజా పిరమిడ్ల చెంత గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియం ప్రారంభమయ్యాక, విదేశాలకు తరలిపోయిన ప్రాచీన సంపదను తిరిగి ఇవ్వాలన్న ఈజిప్టు వాదన మళ్ళీ రాజుకుంది. మాజీ మంత్రి జాహీ హవాస్ ప్రధానంగా అడుగుతున్నవి రోసెట్టా శిల, నెఫెర్టీటీ ప్రతిమ, దెందెరా రాశిచక్రం. వాటిలో పపైరస్ (రెల్లు జాతి మొక్కతో చేసిన కాగితపు చుట్ట) ఒక్కటీ లేదు. అయినా 'నాటి పద్ధతి ప్రకారమే సంపాదించాం' అని పాశ్చాత్య మ్యూజియంలు చెప్పే మాటలోని నిజమెంతో తేల్చుకోవాలంటే బ్రిటిష్ మ్యూజియంలోని ఆని పపైరస్ దగ్గరకే వెళ్ళాలి.

రాజలేఖకుడు ఆని కోసం క్రీ.పూ. 1250 ప్రాంతంలో రాసిన ఈ మృతుల గ్రంథాన్ని (చనిపోయినవారి పరలోక ప్రయాణానికి తోడ్పడే మంత్రాల సంపుటి) మ్యూజియం ఉద్యోగి వాలిస్ బడ్జ్ 1888లో లక్సర్‌లో చేజిక్కించుకున్నాడు. ప్రాచీన వస్తువుల ఎగుమతిపై ఈజిప్టులో 1835 నుంచే ఆంక్షలున్నాయి. 1883 నాటి ఉత్తర్వు వాటిని ప్రభుత్వ ఆస్తిగా ప్రకటించింది. పురావస్తు శాఖాధిపతి యూజీన్ గ్రెబో ఆదేశంతో పోలీసులు వ్యాపారుల ఇళ్ళకు సీలు వేసి కాపలా పెట్టారు. ఆయన పడవ నైలు నదిలో ఇసుక మేట వేసిన చోట చిక్కుకోవడం బడ్జ్‌కు కలిసివచ్చింది. పపైరస్‌తో సహా బడ్జ్ సంపాదించిన సరుకున్న ఇల్లు లక్సర్ హోటల్ తోటకు ఆనుకుని ఉండడంతో, కాపలావాళ్ళకు కడుపునిండా భోజనం పెట్టించి, తోటమాలుల చేత గోడ కింద సొరంగం తవ్వించి, రాత్రికి రాత్రే అంతా బయటికి దాటించారు. ఇదేమీ ఈజిప్టు మోపిన అభియోగం కాదు. బడ్జ్ స్వయంగా 1920లో అచ్చువేసిన జ్ఞాపకాల్లోని సంగతి. పైగా అధికారుల బారి నుంచి పపైరస్‌ను కాపాడామనీ, లక్సర్ అంతా సంబరపడిందనీ రాసుకున్నాడు.

కాపాడిన తీరు లండన్‌లో బయటపడింది. దాదాపు 24 మీటర్ల చుట్టను ఆయన 37 ముక్కలుగా కోయించి చెక్క పలకలకు అతికించాడు. బొమ్మలకూ మంత్రాలకూ ఉన్న వరుస ఆ కోతలకు బలైంది.

ఈజిప్టులోనే ఉంటే ఇలాంటివి దొంగల పాలయ్యేవన్నది బడ్జ్ సమర్థన. సమాధుల దోపిడీ అప్పట్లో నిజమే కాబట్టి దాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. అయితే ఆ దోపిడీ సరుకుకు గిరాకీ పెంచిన కొనుగోలుదారుల్లో ఆయనా ఒకడు.

సాంస్కృతిక సంపద అక్రమ తరలింపును అడ్డుకునే 1970 నాటి యునెస్కో ఒప్పందం అంతకు ముందటి తరలింపులకు వర్తించదు. బ్రిటిష్ మ్యూజియం చట్టం, 1963 ప్రకారం కొన్ని పరిమిత సందర్భాల్లో తప్ప సేకరణలోని వస్తువును వదులుకునే అధికారం ట్రస్టీలకు లేదు. అందువల్ల సొరంగం సంగతిని మ్యూజియమే ఒప్పుకున్నా, ఆని పపైరస్‌ను కైరోకు శాశ్వతంగా తిరిగి ఇవ్వాలంటే ముందు బ్రిటిష్ పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించవలసి ఉంటుంది.