లుడ్విగ్ మైడ్నర్: ప్రవక్తల బొమ్మలు, ప్రవాస జీవితం – అపోహలు, వాస్తవాలు

జర్మన్ ఎక్స్‌ప్రెషనిస్టు (కంటికి కనిపించే రూపాన్ని వంచైనా లోపలి ఉద్వేగాన్ని చూపే శైలి) చిత్రకారుడు లుడ్విగ్ మైడ్నర్ (1884–1966) గురించి పాఠం చెప్పిన ప్రతిసారీ విద్యార్థుల నుంచి నాకు దాదాపు ఇవే మాటలు వినిపిస్తాయి. వీటిలో పచ్చి అబద్ధాలు తక్కువ, సగం తెలిసి అన్నవే ఎక్కువ.

అపోహ: నాజీల వేధింపులకు దేశం విడిచాకే ఆయన మతం వైపు మళ్లారు.

వాస్తవం: ఇలా అనేవారు బొమ్మల మీద వేసిన సంవత్సరాలను గమనించరు. ఆయన భార్య ఎల్సెతో కలిసి ఇంగ్లండుకు వెళ్లింది 1939 ఆగస్టులో; కాగా మొదటి ప్రపంచ యుద్ధకాలంలో కాట్‌బుస్ సమీపంలోని యుద్ధఖైదీల శిబిరంలో ఫ్రెంచి దుబాసీగా పనిచేస్తున్న నాటికే బైబిలు ప్రవక్తలనూ ప్రార్థనలో మునిగిన మనుషులనూ గీస్తున్నారు, 1920ల చివరికల్లా యూదు ఆచారాలను నిష్ఠగా పాటిస్తున్నారు. ఆ ప్రవక్తల ముఖాలను దగ్గరగా చూడండి. ముడతలు పడిన నుదురు, పైకెత్తిన కళ్లు, ముఖంతో పోటీపడేంత పెద్ద చేతులు, వాటన్నిటినీ చుట్టేసిన వంకర గీతలు కనిపిస్తాయి. 1912–13లో బెర్లిన్‌లో చిత్రించిన కూలిపోతున్న నగరాల్లో ఇళ్లను వంచి పడేసింది కూడా ఆ గీతే. నా దృష్టిలో ఆయన మతచిత్రాలకు మూలం ప్రవాసం కాదు, ఆ గీత.

అపోహ: ఆ నగర చిత్రాలు 1914 యుద్ధాన్ని ముందే చెప్పిన జోస్యాలు.

వాస్తవం: జోస్యమనడం వినడానికి బాగానే ఉంటుంది గానీ, 1912లో బెర్లిన్‌లో ప్రదర్శించిన ఇటలీ ఫ్యూచరిస్టుల (వేగాన్నీ యంత్రాలనూ నగరజీవితాన్నీ కీర్తించిన చిత్రకారుల) చిత్రాల ప్రభావాన్నీ, మహానగరపు ఒత్తిడినీ, ఆయన బీదరికాన్నీ అది మరుగుపరుస్తుంది. లాస్ ఏంజెలెస్ కౌంటీ మ్యూజియంలో ఉన్న అలాంటి ఒక కాన్వాసును వెనక్కి తిప్పితే, గడ్డి టోపీ పెట్టుకున్న యువకుడి చిత్రం కనబడుతుంది. ఆ బీదరికానికి గుర్తుగా, ఒకే గుడ్డకు రెండు పక్కలా బొమ్మలు వేశారన్నమాట.

అపోహ: లండన్ చేరడంతో కష్టాలు గట్టెక్కాయి.

వాస్తవం: 1937లో మ్యూనిక్‌లో నాజీలు పెట్టిన ‘భ్రష్ట కళ’ ప్రదర్శనలో ఎగతాళికి గురైన ఈ యూదు చిత్రకారుణ్ని, 1940లో బ్రిటిష్ ప్రభుత్వం శత్రుదేశస్థుడిగా లెక్కగట్టి, మొదట లివర్‌పూల్ దగ్గరి హైటన్‌లోనూ తరువాత మ్యాన్ దీవిలోనూ నిర్బంధించింది. విడుదలయ్యాక ఆయన రాత్రిపూట శవాలకు కాపలా కాశారు. తానూ చిత్రకారిణే అయిన ఎల్సె ఇళ్లలో పనిమనిషిగా చేరవలసి వచ్చింది. ఆమె సంపాదనను దాటేసి ఆయన ప్రవాసం గురించి రాయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అపోహ: ప్రవాసంలో వేసినవన్నీ విషాద చిత్రాలే.

వాస్తవం: పోలండులో యూదుల మారణకాండపై 1942–45 మధ్య ఒక చిత్రమాల గీసిన మాట నిజమే. అయితే మనుషుల వికారాలను వెక్కిరించే హాస్యచిత్రాలనూ ఆయన ఆ లండన్‌లోనే విరివిగా వేశారు. వాటిని పక్కనబెట్టి చూసేవారికి ఆయనలో ప్రవక్త ఒక్కడే మిగులుతాడు.

అపోహ: యుద్ధం ముగియగానే స్వదేశం ఆయనకు నీరాజనం పట్టింది.

వాస్తవం: 1949లో లండన్‌లోని బెన్ ఉరి గ్యాలరీలో దంపతుల చిత్రాలు కలిపి ప్రదర్శించినా చెప్పుకోదగ్గ గుర్తింపు రాలేదు. 1953లో ఆయన జర్మనీకి తిరిగి వెళ్లి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక యూదు వృద్ధాశ్రమంలో దిగారు. ఎల్సె అప్పుడు ఆయన వెంట వెళ్లలేదు, లండన్‌లోనే ఉండిపోయారు.