ఖాళీ రంధ్రాలు బయటపెట్టిన సంగతి: మూలకణాల వివాదానికి నేపథ్యం

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు మూలకణాల ఇంజెక్షన్లు ఇవ్వవచ్చా అన్న వాదన హైదరాబాద్‌లో మళ్లీ రాజుకుంది. మూలకణం అంటే వేరే రకాల కణాలుగా మారగల కణం, అంతకుమించిన పాఠం ఇక్కడ అక్కర్లేదు. ఇంజెక్షన్ తర్వాత బిడ్డ కళ్లలోకి చూస్తున్నాడని, పిలిస్తే పలుకుతున్నాడని కొందరు తల్లిదండ్రులు చెబుతున్నారు. క్లినిక్‌లు ఆ మాటనే సాక్ష్యంగా చూపుతున్నాయి. ఆ మార్పు కణాల వల్లే వచ్చిందని ఎలా తేల్చారన్నది న్యూరాలజిస్టుల ప్రశ్న. సరిగ్గా ఈ ప్రశ్నకే 2001లో అమెరికాలో ఒక జవాబు దొరికింది.

పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) రోగుల మెదడులో పిండాల నాడీ కణజాలాన్ని నాటడం స్వీడన్‌లోని లుండ్‌లో 1987లోనే మొదలైంది. చేయించుకున్నవారిలో పలువురు తేలికపడ్డామన్నారు, డాక్టర్లూ అదే రాశారు. ఆ మాటను పరీక్షకు పెట్టింది అమెరికా వైద్యులు కర్ట్ ఫ్రీడ్, స్టాన్లీ ఫాన్‌ల బృందం. 40 మందిని తీసుకుని, నుదుటికి మాత్రమే మత్తిచ్చి, మెలకువగా ఉండగానే పుర్రెకు రంధ్రాలు వేశారు. 20 మందికి ఆ రంధ్రాల్లోంచి సూదితో కణజాలాన్ని లోపలికి పంపారు. మిగతా 20 మందికి డ్రిల్లు ఎముక దగ్గరే ఆగింది. మెదడు పైపొరకు చిల్లు పడలేదు. ఎవరికి ఏది జరిగిందో రోగికీ తెలియదు, ఏడాది పొడవునా పరీక్షించిన డాక్టరుకూ తెలియదు. ఉత్తుత్తి ఆపరేషన్ కోసం మనిషి పుర్రెను తొలవడం న్యాయమా అని అప్పట్లో పెద్ద గొడవే జరిగింది, ఆ అభ్యంతరం తేలిగ్గా కొట్టేయదగ్గదీ కాదు.

ఏడాది తర్వాత తమ పరిస్థితికి తామే మార్కులు వేసుకోమంటే రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 60 ఏళ్ల లోపువారిలో మాత్రం, ఉదయం మందు వేసుకోకముందు ఉండే బిగుతు కొంత సడలింది. ఏడాది దాటాక, కణాలు నాటించుకున్నవారిలో 15 శాతం మందికి పార్కిన్సన్స్ మందు తగ్గించినా ఆగకుండా ఒళ్లు అదుపు తప్పి తిరిగే మెలికలు పట్టుకున్నాయి. అంతకంటే ముఖ్యమైనది 2004లో వచ్చింది: ఆ 40 మందిలో 30 మందిని విడిగా పరిశీలిస్తే, తమకు కణాలు పెట్టారని నమ్మినవారు, నిజానికి పెట్టినా పెట్టకపోయినా, జీవితం మెరుగుపడిందని చెప్పారు. బిడ్డలో మార్పు చూస్తున్న తల్లి అబద్ధమాడుతోందని దీని అర్థం కాదు. ఆమె చూపు ఒక్కదాన్నే కొలబద్దగా పెట్టుకోవడం కుదరదని మాత్రమే.

నష్టం వైపు చూస్తే 2009లో వెల్లడైన ఇజ్రాయెల్ బాలుడి ఉదంతం ఉంది. అటాక్సియా టెలాంజియెక్టేసియా అనే జన్యువ్యాధి ఉన్న ఆ పిల్లవాడిని తొమ్మిదేళ్ల వయసులో మాస్కో తీసుకువెళ్లి పిండాల నాడీ మూలకణాలు వేయించారు, తర్వాత మరి రెండుసార్లు వేయించారు. మొదటి చికిత్స జరిగిన నాలుగేళ్లకు మెదడులో, వెన్నులో కణితులు కనిపించాయి. వెన్నులోని దాన్ని తీసి పరీక్షిస్తే ఆ కణాలు బాలుడివి కావు. కనీసం ఇద్దరు దాతలవి.

మన నగరానికి ఈ చికిత్స మీద నమ్మకం కుదరడానికి కారణం లేకపోలేదు. సున్నమో యాసిడో పడి నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు పోయినవారికి ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 2001 నుంచి ప్రయోగశాలలో పెంచిన కణాలను అతికించింది. పదేళ్లలో 200 మందికి చేసి 71 శాతం విజయం సాధించినట్లు ప్రచురించింది. విఫలమైనవాటినీ లెక్క రాసి బయటపెట్టబట్టే ఆ అంకెకు విలువ వచ్చింది. ఇంజెక్షన్ల క్లినిక్‌లను అడగవలసింది ఇలాంటి లెక్కే.

పైగా ఆ క్లినిక్‌లు సాధారణంగా ఇస్తున్నవి నాడీ మూలకణాలు కానేకావు. తుంటి ఎముక నుంచి మజ్జ తీసి, సెంట్రిఫ్యూజ్ అనే గిర్రున తిరిగే యంత్రంలో తిప్పి, వేరు చేసిన కణాలను నడుము దగ్గర వెన్నులోకి ఎక్కిస్తారు. కరపత్రాల్లో మాత్రం నాడీ మూలకణాల పరిశోధనల గొప్పలు కనిపిస్తాయి.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తన 2007 మూలకణ మార్గదర్శకాల పేరులో ఉన్న 'థెరపీ' అనే మాటను 2013లో తీసేసి, రక్త వ్యాధులకు చేసే మజ్జ మార్పిడి వంటివి తప్ప మిగిలినవన్నీ ట్రయల్ కిందే, అంటే అనుమతి పొందిన ప్రయోగంగానే, జరగాలని చెప్పింది. జాతీయ వైద్య కమిషన్ నైతిక మండలి 2022 డిసెంబరులో ఆటిజం పేరు పెట్టి మరీ ఈ చికిత్సను సిఫారసు చేయలేమంది. అయినా క్లినిక్‌లు నిలదొక్కుకున్నది 2019 కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల్లోని ఒక నిర్వచనం మీద. కణాల స్వభావాన్ని మార్చేలా ప్రాసెస్ చేస్తేనే అవి ఔషధం కిందికి వస్తాయి. కడగడం, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పడం అలాంటి మార్పు కాదు. తాము చేసేది ఆ రెండే కాబట్టి అనుమతి అక్కర్లేదన్నది వారి వాదన. తీసిన మజ్జను అదే మనిషి వెన్నులోకి, అది సహజంగా చేయని పని కోసం ఎక్కించడాన్ని కూడా కడగడం ఖాతాలోనే వేయవచ్చా అన్నది ఈ తగాదాలోని ప్రశ్న.