ఏసీలో గ్యాస్ అయిపోదు

ఒడిశాలోని మా బరంపురంలో మార్చి దాటిందంటే వీధివీధినా ఒకటే మాట, ఏసీలో గ్యాస్ అయిపోయింది, కొట్టించాలి అని. నేనూ మూడేళ్లపాటు ఏటా కొట్టించాను. ఒకతను వచ్చేవాడు, మేడెక్కి డబ్బా తగిలించి, పావుగంటలో దిగొచ్చి డబ్బులు తీసుకునేవాడు. నాలుగో ఏడు మా అక్క కొడుకును పిలిచాను. ఐటీఐలో రెండేళ్లు ఫ్రిజ్, ఏసీ మెకానిక్ ట్రేడు చదివి, ఆపైన ఈ గ్యాసుల్ని ఎలా వాడాలో విడిగా శిక్షణ తీసుకుని సర్టిఫికెట్ తెచ్చుకున్నవాడు. వస్తూనే, "మావయ్యా, పోయినేడు కొట్టించిన గ్యాస్ ఏమైంది?" అన్నాడు.

స్కూటర్లో పెట్రోలులా ఖర్చయిపోయిందనుకున్నాను. కానీ ఏసీ గ్యాసును కాల్చదు. అదే గ్యాసు గదిలోని కాయిల్లో మరిగి వేడిని పీల్చుకుంటుంది, కంప్రెసర్ దాన్ని నొక్కి మేడమీదికి తోస్తుంది, అక్కడ ఆ వేడిని వదిలి ద్రవమై మళ్లీ కిందికొస్తుంది. మా పాత ఏసీలోది ఆర్-22, మామూలు గాలి ఒత్తిడిలో మైనస్ 41 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఎన్నేళ్లయినా తిరగాల్సింది అదే గ్యాసు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట.

గిన్నెలు తోమే సబ్బును నీళ్లలో కలిపి, అవుట్‌డోర్ యూనిట్ దగ్గర రాగి గొట్టం బిగించే నట్టు చుట్టూ స్పాంజితో రాశాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత నట్టు అడుగున ఆవగింజంత బుడగ లేచింది, పెసరగింజంతై పేలింది, అక్కడే ఇంకోటి. మూడేళ్ల డబ్బులు అలా పోయాయి! గోపాల్‌పూర్ సముద్రం నుంచి వచ్చే ఉప్పుగాలికి మా వైపు కాయిల్స్ కూడా తొందరగా చివికిపోతాయట, అందుకని వాటినీ తడిమి చూశాడు.

డబ్బుల సంగతి అలా ఉంచితే, ఒక కిలో ఆర్-22 గాల్లో కలిస్తే, వందేళ్లలో భూమిని వేడెక్కించే లెక్కన 1,810 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టే. లీటరు పెట్రోలు కాలిస్తే వచ్చేది సుమారు 2.3 కిలోలు. ఏటా అరకిలో చొప్పున మూడేళ్లలో కిలోన్నర పోయిందనుకున్నా, దాదాపు 1,180 లీటర్ల పెట్రోలు తగలేసినంత. లీటరుకు 50 కిలోమీటర్లిచ్చే బండి మీద 59 వేల కిలోమీటర్లు. నా బండి కొన్నప్పట్నుంచీ అంత తిరగలేదు.

పైగా ఆర్-22లో క్లోరిన్ ఉంది. క్లోరిన్ ఉన్న ఇలాంటి గ్యాసులు పైకెళ్లి ఓజోన్‌ పొరను తినేస్తాయని మోలినా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు 1974లోనే చెప్పారు, వాటిని తగ్గించుకుంటూ పోవాలని 1987లో దేశాల మధ్య మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. కొత్త ఏసీల్లో వచ్చే ఆర్-32లో క్లోరిన్ లేదు, వేడి లెక్క కూడా 675కి దిగింది, కానీ కొద్దిగా మండుతుంది. కొన్నిట్లో ఆర్-290 ఉంటుంది, దాని లెక్క 3 మాత్రమే, అయితే అది అచ్చంగా ప్రొపేన్. వంటగ్యాసులోనూ ప్రొపేన్ ఉంటుంది, కాకపోతే లీకైతే మన ముక్కుకు తెలియాలని దానికి కావాలనే వాసన కలుపుతారు. ఏసీలో పోసేదానికి ఆ వాసన ఉండదు. పాత ఏసీలో ఏ గ్యాసైతేనేం అని దీన్ని నింపేవాళ్లున్నారు, నాకైతే వింటేనే టెన్షన్.

అమెరికాలో 1994 నుంచి పరీక్ష పాసైన కార్డు లేకుండా ఆర్-22 లాంటి గ్యాసులున్న ఏసీ విప్పకూడదు. మన దేశంలో కేంద్ర ప్రభుత్వం 2019లో తెచ్చిన కూలింగ్ యాక్షన్ ప్లాన్ లక్షమంది మెకానిక్‌లకు శిక్షణ, సర్టిఫికెట్ ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. మా ఊళ్లో మాత్రం డబ్బులిస్తే డబ్బా చేతికొస్తుంది, కార్డు అడిగిన దుకాణదారుణ్ని నేనింతవరకు చూడలేదు.

మావాడికి పాఠాలు ఒడియాలో, పుస్తకం ఇంగ్లిషులో, రాత్రి ఫోన్లో నాకు చెప్పడం తెలుగులో. అందుకే నాకూ కొంత అబ్బింది. ఏసీలో మిగిలిన గ్యాసును గాల్లోకి వదలకుండా రికవరీ మెషీన్‌తో సిలిండర్లోకి లాగాలి, అదీ 80 శాతం వరకే, ఎందుకంటే ఎండకు ద్రవం ఉబ్బితే నిండు సిలిండర్ పేలుతుంది. లీకు పరీక్షకు నైట్రోజన్ వాడాలి, ఆక్సిజన్ జోలికి పోకూడదు, కంప్రెసర్ నూనెతో కలిస్తే బాంబే. తర్వాత వాక్యూమ్, అంటే గొట్టాల్లోని గాలిని పంపుతో లాగెయ్యడం. చాలామంది ఎగ్గొట్టేది దీన్నే. మా తేమగాలి గొట్టాల్లో చిక్కుకుంటే నూనె, గ్యాసులతో కలిసి ఆమ్లం పుట్టి మోటారు చుట్టల్ని తినేస్తుంది, లోపలి ఆ తేమను తుడవలేం. పంపుతో ఒత్తిడి బాగా తగ్గిస్తే మాత్రం గది వేడికే ఆ చెమ్మ మరిగి ఆవిరై బయటికి పోతుంది.

ఆరోజు అన్నీ చేశాడు. గొట్టం కొస కోసి కొత్తగా ఫ్లేర్ చేసి, అంటే గరాటులా వెడల్పు చేసి బిగించాడు, వాక్యూమ్ పెట్టి, పంపు ఆపి, గేజీ ముల్లు కదలట్లేదని అరగంట చూస్తూ కూర్చున్నాడు. ఏసీ మీద రాసున్నంత గ్యాసు కాటాలో తూచి మరీ పోశాడు. మొత్తం నాలుగు గంటలు. పిట్టగోడ మీంచి ఇదంతా చూస్తున్న పక్కింటాయన, "బాబూ, పనిలో పనిగా మాదాంట్లో కూడా కాస్త గ్యాస్ కొట్టి వెళ్లకూడదూ?" అన్నాడు.

వాడు డబ్బా ఇక్కడే వదిలేసి, సబ్బునీళ్ల గిన్నె పట్టుకుని వెళ్లాడు.