ఫ్యూజు మీద ఉండే రెండో అంకె

పింగాణీ కట్‌అవుట్‌లో ఫ్యూజు తీగ కాలిపోతే, చేతికందిన రాగి పోచ చుట్టి పని గడుపుకోవడం మన ఇళ్లలో చాలాకాలం మామూలు విషయంగానే సాగింది. లెడ్ యాసిడ్ బ్యాటరీ తీసేసి అదే ఇన్వర్టరుకు లిథియం బ్యాటరీ పెట్టుకునేవారు ఆ ధోరణిని పూర్తిగా వదులుకోవాలి.

12.8 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 3.2 వోల్టుల సెల్లులు నాలుగు వరుసగా కలిపి ఉంటాయి. సెల్లులు, తీగలు, అతుకులు అన్నింటి నిరోధం కలిపి 3 మిల్లీఓములు అనుకుంటే, పాజిటివు, నెగటివు తీగలు ఒకదానికొకటి తగిలిన క్షణంలో 4,200 ఆంపియర్లకు పైగా కరెంటు ఉరుకుతుంది. కారులో వాడే బ్లేడు ఫ్యూజు సాధారణంగా 32 వోల్టుల వద్ద 1,000 ఆంపియర్ల వరకే షార్టును తెంచగలదు. అంతకు మించిన ప్రవాహంలో లోపలి తీగ కరిగినా ఆ ఖాళీలో ఆర్క్, అంటే గాలిలోంచి కరెంటు దూకే మెరుపు, మండుతూనే ఉండి, ఫ్యూజు పగిలిపోవచ్చు. ఇంటి ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది కనుక ఆర్క్‌కు ఆరిపోయే వీలు దొరుకుతుంది; బ్యాటరీ ఇచ్చే డీసీలో ఆ విరామమే లేదు.

అందుకే ఫ్యూజు కొనేటప్పుడు ఆంపియర్ల రేటింగుతో పాటు, అది ఎంత పెద్ద షార్టును, ఎన్ని డీసీ వోల్టుల వద్ద తెంచగలదో కూడా చూడాలి. బ్యాటరీ టెర్మినల్ మీదే బిగించే ఎంఆర్‌బీఎఫ్ ఫ్యూజు 14 వోల్టుల వద్ద 10,000 ఆంపియర్లను తెంచగలిగినా, 58 వోల్టుల వద్ద 2,000 దగ్గరే ఆగిపోతుంది. సన్నని ఇసుకతో నింపిన క్లాస్ టి ఫ్యూజు 20,000 ఆంపియర్ల వరకు తట్టుకుంటుంది, ఎందుకంటే ఆర్క్ వేడిని ఆ ఇసుక పీల్చుకుని, కరిగి గాజులా గడ్డకడుతుంది. ధర ఎక్కువే అయినా, ప్రధాన ఫ్యూజుగా నేను దాన్నే ఎంచుకుంటాను.

ఇక రేటింగు లెక్క సులువు. 1,000 వాట్ల ఇన్వర్టరు 90 శాతం సామర్థ్యంతో పనిచేస్తే 12 వోల్టుల వద్ద సుమారు 93 ఆంపియర్లు లాగుతుంది. దానికి పావు వంతు కలిపితే 116, అంటే 125 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. ఫ్యూజు కాపాడేది తీగను కనుక, ఆ తీగ 125 ఆంపియర్లను ఎంతసేపైనా మోయగలిగేంత మందంగా ఉండాలి. బ్యాటరీలోని బీఎంఎస్ (సెల్లులను కాపాడే ఎలక్ట్రానిక్ సర్క్యూట్) షార్టును ఆపుతుంది కదా అని కొందరు ఫ్యూజు మానేస్తారు గాని, అందులో కరెంటును తెంచే ఎలక్ట్రానిక్ స్విచ్చులైన మాస్‌ఫెట్లు చెడిపోయినప్పుడు తరచుగా ఆన్‌లోనే ఇరుక్కున్న స్విచ్చులా ఉండిపోతాయి.

ఫ్యూజు పాజిటివు టెర్మినల్‌కు జానెడు దూరం లోపే ఉండాలి, ఎందుకంటే ఫ్యూజుకు ముందున్న తీగముక్కకు దాని రక్షణ ఉండదు. బ్యాటరీలను సమాంతరంగా కలిపినప్పుడు దేనికి దానికి ఒక ఫ్యూజు పెట్టాలి.

బిగింపు వదులైతే మంచి ఫ్యూజు పెట్టినా చిక్కే. ఒక్క మిల్లీఓము అదనపు నిరోధం చేరినా 93 ఆంపియర్ల వద్ద ఎనిమిది వాట్లకు పైగా వేడి ఆ చిన్న అతుకులోనే పుడుతుంది. ఫ్యూజు కరగకముందే ప్లాస్టిక్ హోల్డరు మెత్తబడి వంకరపోవడానికి అది చాలు. అలా రంగు మారిన హోల్డరు కనిపిస్తే దాన్ని మార్చి, తీగ కొసనున్న లగ్గును శుభ్రం చేసి, తయారీదారు చెప్పిన టార్క్‌కు నట్టును బిగించాలి.